రుతువిరతి దశలో చర్మ సంరక్షణ, హార్మోన్ చికిత్స

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రుతువిరతి తరువాత చర్మం ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
• క్రీములు, హార్మోన్ చికిత్స చేసే పనుల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• గర్భసంచి ఆపరేషన్ అయిన స్త్రీకి ఏ సమాచారం అవసరమో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఖమ్మం మిరప చేలలో కాయలు ఏరే స్త్రీలు, భద్రాచలం అడవుల్లో వేసవిలో తునికాకు కోసే స్త్రీలు ఎక్కువ సేపు ఎండలోనే ఉంటారు. నలభై దాటేసరికి వారి ముఖంపై ముడతలు కనిపించడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఎండ, రెండోది ఈస్ట్రోజన్ తగ్గడం. ఈ రెంటికీ పరిష్కారాలు వేరు.

2. శరీరంలో మార్పులు

వరుసగా 12 నెలలు ముట్లు రాకపోతే దాన్ని రుతువిరతి అంటారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46-47 ఏళ్ల వయసులో వస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గితే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజన్ తగ్గుతుంది. మొదటి ఐదేళ్లలోనే ఇది సుమారు 30 శాతం తగ్గవచ్చు. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం కూడా ఈ మార్పులో భాగమే.

3. క్రీములు

తేమనిచ్చే క్రీములు పొడిబారడాన్ని తగ్గిస్తాయి. సన్‌స్క్రీన్, తలగుడ్డ, నిండు చేతుల రవిక ఎండ దెబ్బను తగ్గిస్తాయి. ఇవేవీ ఎముకలను కాపాడలేవు. తెల్లబరుస్తాయని వాడే కొన్ని క్రీములలో బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వీటిని ఎక్కువ కాలం రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది.

4. హార్మోన్ చికిత్స

ఆవిర్లకు అత్యంత సమర్థమైన మందు ఈస్ట్రోజన్. అది ఎముకలనూ కాపాడుతుంది. అయితే ముడతల కోసమే దీన్ని ఇవ్వరు. గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే ప్రొజెస్టిరాన్ కూడా కలుపుతారు. ఈ రెండూ కలిపి వాడిన ఒక పెద్ద అమెరికన్ పరీక్షను, రొమ్ము క్యాన్సర్ వంటి ముప్పులు కనిపించడంతో 2002లో ఆపేశారు. తరువాతి విశ్లేషణల ప్రకారం 60 ఏళ్లలోపు, లేదా రుతువిరతి వచ్చిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు సాధారణంగా ముప్పు కన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు.

5. గర్భసంచి ఆపరేషన్

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచి మాత్రమే తీస్తే ముట్లు ఆగుతాయి కాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలనూ తీసేస్తే రుతువిరతి ఆ రోజే మొదలవుతుంది. ముప్పై ఐదేళ్ల వయసులో ఇలా జరిగితే ఎముకలకు, గుండెకు ముప్పు ముందే వస్తుంది. ఇలాంటివారికి, వేరే అడ్డంకి లేకపోతే, సహజ రుతువిరతి వయసు వరకు హార్మోన్లు సూచిస్తారు. ఇది అందం కోసం చేసే చికిత్స కాదు, పోయినదాన్ని భర్తీ చేయడం. కాబట్టి “ఏమేమి తీశారు?” అని డాక్టరును అడగాలి, ఆస్పత్రి కాగితాలు దాచుకోవాలి. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది.

6. సారాంశం

ముడతలు ఎండ వల్ల, ఈస్ట్రోజన్ లోపం వల్ల వస్తాయి. క్రీము చర్మం వరకే పనిచేస్తుంది. హార్మోన్లు అవసరమా అన్నది వయసు, లక్షణాలు, అండాశయాల స్థితిని బట్టి డాక్టరు నిర్ణయించాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ ఎందుకు ఇస్తారు?
2. మీ ఊరిలో గర్భసంచి ఆపరేషన్ అయిన స్త్రీ మీ సలహా అడిగితే ముందుగా ఏ విషయం తెలుసుకుంటారు? ఎందుకు?