బ్యాటరీ ఏం చెబుతోంది?

కార్తీక సోమవారాల్లో ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి చుట్టుపక్కల బండి పెట్టుకోడానికి చోటు దొరకదు. పంచారామాలన్నీ ఒక్కరోజులో చూసేద్దామని అమరావతిలో తెల్లవారకముందే బయల్దేరినవాళ్లకి ఇక్కణ్ణుంచి ఇంకా సామర్లకోట మిగిలే ఉంటుంది. ఆ కార్లలో ఇప్పుడు ఆకుపచ్చ నంబరు ప్లేటున్న కరెంటువీ కనిపిస్తున్నాయి. “చార్జింగుకి ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?” అని అందరూ అడుగుతారు. నేనైతే ఇంకోటి అడుగుతాను: లోపల బ్యాటరీ ఎలా ఉందో ఆ కారు యజమానికి తెలిసే దారేది?

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి గంధకామ్లంలో ముంచాడు. మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల బ్యాటరీ అలా పుట్టింది. 1899లో బెల్జియం వాడైన కమీల్ జెనాట్జీ బ్యాటరీ కారు మీదే గంటకి 100 కిలోమీటర్ల వేగం దాటాడు. అంతకుముందు ఏ కారూ అంత వేగం అందుకోలేదు. 1900 నాటికి అమెరికాలో సుమారు మూడో వంతు కార్లు కరెంటువే. పెట్రోలు కారుకి హ్యాండిల్ కొట్టాలి, అది ఎదురు తిరిగితే చెయ్యి విరిగేది. 1912లో చార్లెస్ కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్‌లోకి వచ్చి ఆ బాధ తీర్చేసింది. ఆ స్టార్టర్‌ని తిప్పింది కూడా బ్యాటరీయే. కరెంటు కారుని రోడ్డెక్కించిందీ, తర్వాత దాన్ని పక్కకి నెట్టడానికి సాయపడిందీ అదే.

అంబాసిడర్ల కాలంలో ఈ సీసం బ్యాటరీతో యజమానికి నేరుగా పరిచయం ఉండేది. ఆరు మూతలు విప్పి, ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లు. రబ్బరు బుడ్డి నొక్కి హైడ్రోమీటర్ గాజుగొట్టంలోకి యాసిడ్ లాగితే లోపలి తేలుడు గొట్టం పైకో కిందికో వచ్చి ఆగేది. యాసిడ్ సాంద్రత 1.26 దాటితే చార్జి నిండుగా ఉన్నట్టు, 1.15 దగ్గర ఆగితే బాగా దిగిపోయినట్టు. అయిదు గదులు బాగుండి ఒక్కటే దిగి ఉంటే ఆ సెల్ పోయిందని కారు ఆగకముందే తెలిసిపోయేది. టెర్మినళ్ల మీద పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి వాజలీను రాసేవాళ్లు. కారు నమ్మకంగా నడవడంలో కంపెనీ పనితనం ఎంతో, ఈ పది నిమిషాల పనీ అంతే.

తర్వాత ప్లేట్లలో యాంటిమొనీ తగ్గి కాల్షియం చేరింది. నీరు ఖర్చు కావడం తగ్గింది, మూతలు పోయాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా, అమరాన్ పేరుతో ఇలాంటివే ఇంటింటికీ చేర్చింది. సుఖమే, కాదనను. కానీ వాటి పైనున్న, చార్జి చూపించే రంగు కన్ను ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

ఇప్పటి కరెంటు కార్లలో చాలావాటిలో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో టెక్సాస్‌లో శాస్త్రవేత్త గుడెనఫ్ బృందం దీన్ని లోకానికి చెప్పిన పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢీది. ఇనుము చవక, వేడికీ గట్టిగా నిలబడుతుంది. అయితే చార్జి 80 శాతం నుంచి 20కి దిగినా సెల్ వోల్టేజీ 3.3 ప్రాంతాన్నే కదలకుండా ఉంటుంది. ఎంత మిగిలిందో కారులోని కంప్యూటరే లెక్క తప్పుతుంది. ఈ రకం బ్యాటరీని అప్పుడప్పుడు నూరు శాతం నింపమనడం అందుకే. చివర్లో వోల్టేజీ ఒక్కసారిగా లేచినప్పుడు లెక్క సరిపడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ పెద్ద బ్యాటరీని కారుకి కలిపే కాంటాక్టర్లనే స్విచ్చులు మూసుకోవాలంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. చాలా కార్లలో అది ఇంకా సీసందే. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. మన ఎండలకి సీసం బ్యాటరీ తొందరగా పోతుంది. ఏడాదికోసారి దాన్ని పరీక్ష చేయించండి.

నీళ్ల మాట డెల్టావాళ్లకి వేరే చెప్పాలి. కారు బ్యాటరీకి చెప్పే ఐపీ67 రేటింగు అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి అరగంటలో తగ్గిపోలేదు. వరద హెచ్చరిక రాగానే కారుని మెరకకి చేర్చాలి. మునిగిన కారుని మెకానిక్ చూడకుండా చార్జింగు పెట్టకూడదు. అదే ఏడాది ఏప్రిల్‌లో విజయవాడలో, ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాతే కేంద్రం పరీక్షలు కఠినం చేసింది. స్కూటర్ బ్యాటరీకి పడగ్గదిలో మాత్రం చార్జింగు వద్దు.

2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీల బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఇచ్చారు. అంటే 2028 నుంచి వారంటీ తీరిన కార్లు సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతాయి. కొత్తలో పట్టిన చార్జిలో ఇప్పుడెంత పడుతుందో చెప్పే అంకె చాలావాటిలో కారు కంప్యూటర్లోనే ఉంటుంది, స్కానర్ ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. యూరప్ 2023లో చేసిన చట్టం ప్రకారం అక్కడ 2027 ఫిబ్రవరి నుంచి మార్కెట్లోకి వచ్చే ప్రతి కరెంటు కారు బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. మనకీ అది హక్కుగా రావాలి. ఈలోగా పాత కరెంటు కారు బేరమాడేవాళ్లు టైర్లకన్నా ముందు ఆ అంకె అడగండి, సర్వీసు సెంటరు కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.