లైనక్స్ కంప్యూటర్ నుంచి సఫారీని పరీక్షించడం ఎలా?

ఆపిల్ 2012 తర్వాత విండోస్ కోసం కొత్త సఫారీని విడుదల చేయలేదు. లైనక్స్‌కైతే అసలు ఇవ్వనేలేదు. కాబట్టి లైనక్స్‌లో తయారైన వెబ్‌సైటు సఫారీలో సరిగా పనిచేస్తుందో లేదో చూడాలంటే ఎక్కడో ఒక మ్యాక్ ఉండాలి. అది పక్క గదిలో ఉన్నా, వేరే ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు.

ఇందుకు బాగా పనికొచ్చేది బ్రౌజర్‌ను ప్రోగ్రాంతో నడిపించే సాధనం, 2004లో మొదలైన సెలీనియం. ముందు మ్యాక్‌లో జావా, సెలీనియం సర్వర్ పెట్టాలి. సర్వర్ ఆదేశాలను సఫారీకి చేరవేసే సఫారీడ్రైవర్ మ్యాక్‌తోపాటే వస్తుంది కానీ, దాన్ని వాడేందుకు ఒకసారి అనుమతి ఇవ్వాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. సర్వర్ మామూలుగా 4444 పోర్టులో ఎదురుచూస్తుంది.

లైనక్స్‌లోని పరీక్ష ప్రోగ్రాం ఆ పోర్టుకు సఫారీ కావాలని కబురు పంపుతుంది. సర్వర్ బ్రౌజర్‌ను తెరిచి, ఆ సెషన్‌కు ఒక గుర్తింపు కోడ్ ఇస్తుంది. ఇక ‘ఈ బటన్ నొక్కు’, ‘ఈ పెట్టెలో పేరు రాయి’ వంటి ప్రతి ఆదేశమూ ఆ కోడ్‌తో హెచ్‌టీటీపీ సందేశంగా వెళ్తుంది. జరిగిందేమిటో వెంటనే జవాబు వస్తుంది. ఈ ఆదేశాల పద్ధతి పేరు వెబ్‌డ్రైవర్. 2018లో ఇది అంతర్జాతీయ వెబ్ ప్రమాణమైంది. అందుకే దాదాపు అదే ప్రోగ్రాం విండోస్‌లోని ఎడ్జ్‌నూ నడిపించగలదు.

4444 పోర్టును మాత్రం ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. దాన్ని కనుక్కున్నవారెవరైనా ఆ మ్యాక్‌లోని బ్రౌజర్‌ను తమ ఇష్టానికి నడిపేయగలరు.