కాగితమే తెరగా

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో బతుకంతా గడిపి, బడి మొహం చూడని అవ్వ కూడా ఓటు యంత్రం ముందు తడబడదు. గుర్తు చూసుకుంటుంది, పక్కనున్న నీలి మీట నొక్కుతుంది. ఎర్రదీపం వెలుగుతుంది, కీమని చప్పుడవుతుంది. 2024 మే 13న పల్నాడులో లోక్‌సభకు, శాసనసభకు ఒకేరోజు పోలింగ్. రెండు యంత్రాలైనా వాడే తీరు ఒకటే.

ఈ యంత్రానికి పుట్టిల్లు మన హైదరాబాదే. ఏ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1979లో దీని నమూనా తయారుచేసింది. 1982లో కేరళలోని పరూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. చట్టం ఒప్పుకోదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను కొట్టేసింది. చట్టం మారాక, 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా ఇవే.

ఇక యంత్రం లోపలి సంగతి. ఫోన్‌లో పది యాప్‌లు ఒకే చిప్‌ను పంచుకోవాలి, అందుకే వాటి మధ్య పెద్దరికం చేయడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఓటు యంత్రానికి ఉన్నది ఒక్కటే పని, పెద్దమనిషితో అవసరం లేదు. ఇలాంటి చిప్‌లో ప్రోగ్రామ్ గానుగెద్దులా ఒకే చుట్టు తిరుగుతుంది. అధికారి ‘బ్యాలట్’ బటన్ నొక్కాడా? ఓటరు మీట నొక్కిందా? ఏ నంబరు మీట? దాన్ని భద్రపరిచి, దీపం వెలిగించి, అధికారి మళ్లీ బటన్ నొక్కేదాకా మీటలన్నీ మూసేస్తుంది.

మరి గుర్తుల బొమ్మలు? అవి చిప్‌లో లేవు, మీటల పక్కన అమర్చిన కాగితం మీద ఉన్నాయి. మీటలుండే ఒక్కో యూనిట్‌లో 16 వరుసలు. ఓటు తీసుకునే ప్రోగ్రామ్‌కు తెలిసింది మీట నంబరే. అందుకే మాచర్లకైనా నరసరావుపేటకైనా మార్చాల్సింది కాగితాన్నే, ప్రోగ్రామ్‌ను కాదు. ఈ పొందికే నాకు అబ్బురం. బొమ్మ చూపే బరువును కాగితానికి అప్పగించి, లెక్కను మాత్రం చిప్‌కు వదిలారు.

2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో, వేసిన ఓటును చీటీ మీద చూపే వీవీప్యాట్ వచ్చి చేరింది. అది అభ్యర్థి పేరు, గుర్తు అచ్చువేయాలి కాబట్టి, ప్రతి ఎన్నికకూ ఆ బొమ్మలను అందులోకి ఎక్కించాల్సి వచ్చింది. పని పెరిగినకొద్దీ తనిఖీ చేయాల్సిన చోట్లూ పెరుగుతాయి. యంత్రంలో ఏది ఉండాలో ఆలోచించినంత శ్రద్ధగా, ఏది ఉండనక్కర్లేదో కూడా ఆలోచించాలి.

ఇప్పుడు అవ్వ ఇంకో ఏడు సెకన్లు ఆగుతుంది. అద్దం వెనక చీటీ మీద తన గుర్తు కనిపిస్తుంది. చీటీ తెగి పెట్టెలో పడ్డాక బయటికి నడుస్తుంది.