తుఫాను లేని రాత్రి కూలిన విమానం: అపోహలు – వాస్తవాలు

చిన్న విమానం కూలిందన్న వార్త వస్తే చాలు, శకలాలు దొరక్కముందే తీర్పులు వచ్చేస్తాయి. ఇంజన్ ఆగిపోయిందని ఒకరు, డబ్బున్నవాళ్ల సరదా అని ఇంకొకరు, తలరాత అని మరొకరు. 1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ స్వయంగా నడుపుతున్న పైపర్ సరటోగా విమానం అమెరికా తూర్పు తీరంలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర సముద్రంలో పడినప్పుడూ ఇదే తంతు. విమానంలో ఆయనతో పాటు భార్య కరోలిన్, ఆమె అక్క లారెన్ ఉన్నారు. మర్నాడు ఆయన బాబాయి కూతురి పెళ్లి. ముగ్గురిలో ఎవరూ బతకలేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఏడాది దర్యాప్తు చేసి 2000 జూలైలో కారణం తేల్చింది. అయినా పుకార్లు మాత్రం ఇప్పటికీ చావలేదు.

అపోహ: వాతావరణం వల్ల కూలిందంటే ఉరుములూ మెరుపులూ ఉండి తీరాలి.

వాస్తవం: మన దగ్గర ఈ నమ్మకం బలంగా ఉండటానికి కారణముంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. క్యుములోనింబస్ మేఘాల దగ్గర కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుందని విచారణలో తేలింది. కెనెడీ ప్రమాదం ఆ కోవకు రాదు. ఆ రాత్రి గాలివాన లేదు. ఉన్నదల్లా వేసవి మసక, దానికి తోడు చీకటి. దీవిలోని విమానాశ్రయం టవర్ మేనేజర్ అయితే తనకు నక్షత్రాలు కనిపించాయనే చెప్పారు.

అదే రాత్రి అదే వైపు విమానం నడిపిన మరో పైలట్ చెప్పింది వినండి. దీవి కనిపిస్తుందేమోనని అటు తిప్పి చూశాడట. ఒక్క దీపం కూడా కనిపించలేదు. దీవి మొత్తానికి కరెంటు పోయిందేమో అనుకున్నాడు. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి చుక్కలు కనిపిస్తున్నాయి. పైనుంచి ముందుకు చూసేవాడికి నీళ్లెక్కడ ముగిశాయో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. నేలమీది వాతావరణాన్ని బట్టి ఆకాశంలోని పైలట్‌కు తీర్పు చెప్పేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అపోహ: వాతావరణం చూసుకోలేదు, నిబంధనలు తుంగలో తొక్కాడు.

వాస్తవం: సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఆయన పేరు మీదున్న ఖాతా నుంచి ఇంటర్నెట్‌లో వాతావరణ వివరాలు తీసుకున్నారు. దారి పొడవునా 4 నుంచి 10 మైళ్ల దాకా కనిపిస్తుందని అందులో ఉంది. కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి అక్కడి నిబంధన అడిగేది 3 మైళ్లే. కేవలం పరికరాలు చూసి నడిపే అర్హత ఆయనకు ఇంకా రాలేదు, శిక్షణ మధ్యలో ఉంది. కానీ ఆ రాత్రి ప్రయాణానికి చట్టం ఆ అర్హత అడగదు.

చట్టం ఒప్పుకుంది కదా అని వెళ్లొచ్చా? పైలట్లు వాదించుకునేది ఇక్కడే. ఎన్ని మైళ్లు కనిపించినా, చూడటానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా! చీకట్లో సముద్రం మీద ఏముంటుంది? ఆ మసక చూసి ఆ రాత్రి ప్రయాణం మానుకున్న పైలట్ ఉన్నాడు. శిక్షకుడొకరు తోడు వస్తానంటే కెనెడీయే వద్దన్నారు. ఆయనకు మొత్తం 310 గంటల అనుభవం ఉందని అందరూ రాశారు. నన్నడిగితే చూడాల్సిన లెక్క అది కాదు. ఈ విమానాన్ని, రాత్రిపూట, పక్కన శిక్షకుడు లేకుండా నడిపింది గంట కూడా లేదు.

అపోహ: విమానం ఒరిగితే ఒంటికి తెలియకుండా పోతుందా?

వాస్తవం: పోతుంది. మలుపు తిరగడాన్ని పసిగట్టేది లోపలి చెవిలో గొట్టాల్లోని ద్రవం. ఒకే వేగంతో కాసేపు తిరిగితే ఆ ద్రవం కూడా గొట్టాలతో పాటే తిరుగుతూ, ఇక తిరగడం లేదని మెదడుకు చెబుతుంది. రంగులరాట్నం ఆగాక కూడా తల తిరగడం దీనికి రెండో ముఖం. అలా ఒరిగి తిరుగుతున్న విమానం ముక్కు దించి కిందికి జారుతుంది. ఎత్తు తగ్గుతోందని పైలట్ కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. రెక్కలు సమం చేయకుండా లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది. దీన్ని ‘గ్రేవ్‌యార్డ్ స్పైరల్’ అంటారు.

1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు పరికరాల శిక్షణ లేని 20 మందికి బయట ఏమీ కనిపించకుండా చేసి విమానం నడిపించారు. 20 మందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు. కెనెడీ విమానం కూడా కుడివైపు తిరుగుతూ, చివర్లో నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో దిగిపోయింది. 1,100 అడుగుల ఎత్తులో రాడార్‌కు ఆఖరిసారి కనిపించింది.

అపోహ: ఇంజన్ చెడింది. కాలి గాయం దెబ్బ తీసింది. కెనెడీ వంశానికి శాపం.

వాస్తవం: ఇంజన్‌లో లోపమేదీ దొరకలేదు. కాలికి అంతకుముందు దెబ్బ తగిలిన మాట నిజమే, కానీ నివేదిక దాన్ని కారణంగా చెప్పలేదు. దిశాభ్రమ వల్ల అదుపు తప్పిందని, మసక, చీకటి రాత్రి అందుకు తోడయ్యాయని తేల్చింది. శాపం సంగతి దర్యాప్తు సంస్థల పరిధిలో లేదు.

అపోహ: చేయి తిరిగిన పైలట్లకు ఇలా జరగదు.

వాస్తవం: 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మందిని బలిగొన్న హెలికాప్టర్ పైలట్‌కు 8,500 గంటలకు పైగా అనుభవం ఉంది. పరికరాల మీద నడిపే అర్హతా ఉంది. మబ్బులోకి వెళ్లాక, పైకి ఎక్కుతున్నానని ఆయన కంట్రోలర్‌కు చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు హెలికాప్టర్ ఎడమకు తిరుగుతూ కిందికి దిగిపోతోంది. ఎలాగైనా చేర్చాలని తన మీద తానే తెచ్చుకున్న ఒత్తిడి కూడా ఒక కారణమని ఎన్‌టీఎస్‌బీ రాసింది.

చార్టర్ విమానం మాట్లాడుకునేవాళ్లకైనా, స్నేహితుడి చిన్న విమానంలో సరదాగా ఎక్కేవాళ్లకైనా ఒక్కటే మనవి. పైలట్ ‘ఈ పూట వద్దు’ అంటే ఎందుకని నిలదీయకండి. రోడ్డు మీదే వెళ్లండి, లేదా రేపు వెళ్లండి.