చర్చి గుమ్మంలో ఇద్దరు పిల్లలు

స్వీడన్ చరిత్రలో మంత్రగత్తెలన్న నిందతో ఒక్కరోజే ఎక్కువమందిని చంపింది టోర్షోకర్ ప్రాంతంలో. 1675లో అక్కడ 71 మంది తలలు నరికి, శవాలను తగలబెట్టారు. వాళ్లలో 65 మంది ఆడవాళ్లు. ఇంత ఘోరానికి ఆధారం పిల్లల మాట. పాస్టర్ ఇద్దరు కుర్రాళ్లను చర్చి గుమ్మంలో నిలబెట్టాడు. లోపలికొచ్చే ఆడవాళ్ల నుదుట సైతాను గుర్తు ఉంటుందని, అది ఆ పిల్లలకే కనిపిస్తుందని నమ్మారు. ఒకడు ఏకంగా పాస్టర్ భార్య బ్రిట్టా రూఫీనానే చూపించాడు. ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించింది. ఎండ కళ్లల్లో పడి పొరబడ్డానని వాడు వెంటనే కాళ్లబేరానికి వచ్చాడు. ఆమె నోటితో చెప్పగా విని, మనవడు ఈ సంగతి రాసిపెట్టాడు. అలా చెయ్యెత్తగలిగే హోదా మిగతా ఆడవాళ్లలో ఎందరికి ఉంది?

ఐస్‌లాండ్ లెక్క మాత్రం తిరగబడింది. 17వ శతాబ్దంలో అక్కడ కాల్చి చంపిన 21 మందిలో 20 మంది మగవాళ్లే. మంత్రయంత్రాలు, రూన్ అనే పాత లిపి అక్షరాలు గీసిన చెక్కో కాగితమో ఇంట్లో దొరికితే ప్రాణం మీదికొచ్చేది.

గ్రహాల నడకకు సూత్రాలు చెప్పిన జోహన్నెస్ కెప్లర్ తల్లినీ ఈ నింద వదల్లేదు. కథరీనా ఇచ్చిన పానీయం తాగి జబ్బుపడ్డానని ఊళ్లో ఒకామె ఆరోపించింది. డెబ్బై దాటిన ఆ ముసలావిడను 14 నెలలు ఖైదులో ఉంచారు. కొడుకు తన పనులు పక్కనపెట్టి వచ్చి, ఆరోపణలను ఒక్కొక్కటే ఖండించాడు. చిత్రహింసల పనిముట్లు కళ్లముందు పెట్టి బెదిరించినా ఆమె నేరం ఒప్పుకోలేదు. 1621లో వదిలిపెట్టారు. ఆర్నెల్లకే కన్నుమూసింది.

నాకు ఊరట కలిగించే ఊరు నెదర్లాండ్స్‌లోని అవుడెవాటర్. గాల్లో ఎగిరే మంత్రగత్తె బరువుండదని జనం నమ్మే రోజుల్లో, నింద పడ్డవాళ్లు దూరాభారం లెక్కచేయక ఇక్కడికొచ్చి, సరుకులు తూచే పెద్ద కాటా ఎక్కేవారు. ఒంటికి తగ్గ బరువే ఉందని ఊరు కాగితం రాసిచ్చేది. తేలికని తేల్చి ఎవరినీ దోషిగా పంపలేదు. ఆ కాటా ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

యూరప్‌లో చివరి మంత్రగత్తెగా పేరుపడ్డది స్విట్జర్లాండ్ పనిమనిషి అన్నా గోల్డి. యజమాని కూతురి పాలల్లో సూదులు వేసిందన్నారు. పిల్ల బతికే ఉంది. అయినా 1782లో గ్లారస్‌లో ఆమె తల నరికారు. తీర్పులో మంత్రగత్తె అన్న మాటే రాయకుండా, విషం పెట్టిందని రాశారు. ఆమె నిర్దోషి అని గ్లారస్ శాసనసభ 2008లో ప్రకటించింది.