పార్ప్-1

న్యూజిలాండ్‌లో మందులకు ప్రభుత్వ నిధులు కేటాయించే ఫార్మాక్ సంస్థ, బీఆర్‌సీఏ జన్యులోపమున్న అండాశయ క్యాన్సర్ రోగులకు 2020లో ఒలాపరిబ్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఆ మందు గురిపెట్టేది మన కణాల్లోని పార్ప్-1 ఎంజైము మీద. డీఎన్ఏ పోగు తెగగానే ఇది అక్కడ వాలిపోతుంది. ఎన్ఏడీ అణువుల నుంచి ఏడీపీ-రైబోజ్ ముక్కలు తీసుకుని, చుట్టుపక్కల ప్రోటీన్లకూ తనకూ గొలుసులుగా తగిలిస్తుంది. ఆ గొలుసులే మరమ్మతు ప్రోటీన్లను అక్కడికి రప్పిస్తాయి. ఒలాపరిబ్ ఈ పనిని ఆపి, పార్ప్-1ను డీఎన్ఏ మీదే ఇరికించేస్తుంది. మామూలు కణం బీఆర్‌సీఏ ప్రోటీన్ల సాయంతో మరో మరమ్మతు దారిలో గట్టెక్కుతుంది. ఆ దారి లేని క్యాన్సర్ కణం చనిపోతుంది. ఈ కిటుకును 2005లో రెండు పరిశోధక బృందాలు నేచర్ పత్రికలో వెల్లడించాయి. ప్రయోగశాల ఆలోచన పదిహేనేళ్లలో న్యూజిలాండ్ రోగి చేతికి చేరడం గొప్ప సంగతే. అయితే ఈ మందుతో రక్తహీనత తలెత్తవచ్చు కాబట్టి, వాడుతున్నంతకాలం రక్తపరీక్షలు తప్పనిసరి.