ఎరువు ఎటు పోతోంది? లెక్క చెబితే కొలువు!

పొలంలో వేసిన డీఏపీ అంతా పైరుకే అందుతుందా? పెద్ద వాన పడితే కొంత మట్టితోపాటు కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి కొట్టుకుపోతుంది. ఎంత పోతోంది? ఏ పొలాల నుంచి? ఎక్కడ ఆపితే నీరు బాగుపడుతుంది? ఈ లెక్కను కంప్యూటర్‌పై తేల్చేవాళ్లే వాటర్‌ క్వాలిటీ మోడలర్లు. మీరు సివిల్‌, అగ్రికల్చరల్‌ ఇంజినీరింగ్‌, ఎన్విరాన్‌మెంటల్‌ సైన్స్‌ చదువుతుంటే ఈ దారినీ పరిశీలించండి.

ఎందుకింత ముఖ్యం?

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో 4 లక్షల మందికి పైగా ప్రజలను కుళాయి నీళ్లు తాగొద్దని హెచ్చరించారు. కాచి తాగుదామన్నా కుదరదు. ఈరీ సరస్సులో నాచు వదిలిన విషం కాస్తే పోదు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ నాచుకు మేత ఫాస్ఫరస్‌. మౌమీ నది మోసుకొచ్చే ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం పొలాలదే.

సరస్సు పశ్చిమ, మధ్య భాగాలకు చేరే ఫాస్ఫరస్‌ను 2008 స్థాయి నుంచి 40 శాతం తగ్గించాలని 2016లో అమెరికా, కెనడా లక్ష్యం పెట్టుకున్నాయి. పలు మోడళ్ల ఫలితాలను పోల్చి చూశాకే ఆ అంకె ఖరారైంది. మరి ఎలా తగ్గించాలి? దానికీ మోడళ్లే దారి చూపాయి. చర్యలను ఎక్కడపడితే అక్కడ చేపట్టే బదులు, ఫాస్ఫరస్‌ ఎక్కువగా కోల్పోతున్న పొలాలపై దృష్టిపెడితే మేలని తేలింది. అంటే రైతులందరినీ తప్పుపట్టక్కర్లేదు, డబ్బూ వృథా కాదు. ఈ ఉద్యోగానికి ఉన్న విలువ అదే.

పనేంటి?

ఎక్కువమంది వాడే మోడల్‌ ‘స్వాట్‌’. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు, టెక్సస్‌ ఏ అండ్‌ ఎం విశ్వవిద్యాలయం దీన్ని రూపొందించారు. పూర్తిగా ఉచితం. నేల వాలు, మట్టి రకం, పంట, వర్షపాతం, ఎరువుల వాడకం వివరాలిస్తే ఏ వాగులో ఎంత నీరు, మట్టి, నత్రజని, ఫాస్ఫరస్‌ వస్తాయో అంచనా వేస్తుంది. అసలు పని ఆ తర్వాతే! కొన్నేళ్ల కొలతలతో మోడల్‌ను సరిచేసి, పక్కన పెట్టిన మిగతా ఏళ్ల కొలతలతో సరిపోల్చి చూడాలి.

ఏం నేర్చుకోవాలి?

* హైడ్రాలజీ, నేల శాస్త్రం ప్రాథమికాంశాలు
* క్యూజీఐఎస్‌లో మ్యాపుల తయారీ
* పైథాన్‌ లేదా ఆర్‌, కాస్త స్టాటిస్టిక్స్‌
* ఫలితాన్ని అధికారికి, రైతుకు అర్థమయ్యేలా చెప్పడం

పీజీ చేస్తే పరిశోధన కొలువులకు బలం. గేట్‌లో సివిల్‌తోపాటు అగ్రికల్చరల్‌, ఎన్విరాన్‌మెంటల్‌ పేపర్లూ ఉన్నాయి. పరిశోధన సంస్థలు, కాలుష్య నియంత్రణ మండళ్లు, నీటి ప్రాజెక్టులు చేసే కన్సల్టెన్సీల ప్రకటనలు గమనిస్తుండండి. ‘మోడలర్‌’ అన్న పేరే ఉండాలని లేదు. హైడ్రాలజిస్ట్‌, జీఐఎస్‌ అనలిస్ట్‌, ప్రాజెక్ట్‌ అసోసియేట్‌ పోస్టుల్లోనూ ఈ పని ఉండొచ్చు.

ఇలా మొదలుపెట్టండి

ఉత్సాహంలో నేరుగా కొల్లేరుకు వెళ్లొద్దు. డెల్టా చదునుగా ఉంటుంది. కాలువలు, లాకులు, చేపల చెరువులు నీటి దారిని మార్చేస్తాయి. వాలు స్పష్టంగా ఉండి, ప్రవాహం కొలతలు దొరికే చిన్న వాగును ఎంచుకోండి. ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్‌, భువన్‌ పోర్టళ్లలో సమాచారం వెతకండి. ముందు నీటి ప్రవాహం లెక్క కుదరాలి, పోషకాల సంగతి తర్వాత. మోడల్‌ ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో రెండూ ప్రాజెక్టు నివేదికలో రాయండి. రంగుల మ్యాపు ఎవరైనా గీస్తారు. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగితేనే మీ మాటకు విలువ.